జుమ్మగీకి తీసుకెళ్ళిన కనెక్టర్లు

“తిరగతాంది మా కోడలా, ఫ్యాన్ తిరగతాంది!”

జుమా నమాజ్ ముగిసి, నేను బిర్యానీ గిన్నె దించుతుండగా వచ్చింది ఆ ఫోన్. తాయిఫ్ నుంచి మస్తాన్ వలీ మామూ. స్పీకర్ పెట్టగానే మా ఆయన తబ్రేజ్ గరిటె పట్టుకునే ఓ గంతు వేశారు. నా గోళ్ళ మీద పెళ్ళి గోరింట ఇంకా పోనేలేదు, అప్పుడే నా ఎలక్ట్రికల్ చదువుతో ఒక ఇంట్లో గాలి వీచింది! నేనూ గంతు వేశాను.

మామూ మా ఆయనకు మేనమామ. తాయిఫ్ బయట దానిమ్మ తోటకు కాపలా. ఆయన గదికి కరెంటు లేదు. నంద్యాల నుంచి ఆయన భార్య, మా ముమాని వచ్చాక, ఆమె ఉక్కపోత చూడలేక రెండు సోలార్ ప్యానెళ్ళు సంపాదించాడు. వైర్లు ఎంచే పని నాకు అప్పగించాడు.

“ఇంట్లో వాడే సన్న వైరు చాలదా మా?” అని అడిగితే, “చాలదు మామూ. ఇందులో ఎక్కువ కరెంటు పారుతుంది. సన్నదైతే కరెంటు సగం దారిలోనే తగ్గిపోతుంది, వైరు కాగిపోతుంది. ఆరు ఎం.ఎం. సోలార్ వైరే కావాలి” అని ఎంత గొప్పగా చెప్పానో!

వైరు సరిగ్గానే కొన్నాను. తప్పు చేసింది ఆ వైర్లను ప్యానెళ్ళకు కలిపే కనెక్టర్ల దగ్గర.

కొత్త దంపతులను బంధువులు శుక్రవారాల్లో పిలిచి పెట్టే విందు జుమ్మగీ. ఈ అరబ్బు దేశంలో మాకున్న బంధువు మామూ ఒక్కడే కాబట్టి, పోయిన శుక్రవారం ఆయన ఇంట్లోనే మా జుమ్మగీ. వట్టి చేతులతో ఎలా వెళ్తాం? మిఠాయి వద్దు, సోలార్ సామాను తెండి అన్నాడు. ముందు రోజు మా ఊళ్ళోని షరఫియా బజారు దుకాణంలో అడిగితే, ప్యానెల్‌కు ఉన్న కంపెనీ కనెక్టర్లు లేవు. “వారంలో తెప్పిస్తా. ఇవి తీసుకోండి, సబ్ ఏక్ హీ హై” అన్నాడు దుకాణదారు, అన్నీ ఒకటేనంటూ. వేరే కంపెనీవి. నొక్కితే టక్కుమని కూర్చుంటాయి, కానీ లోపల లోహం లోహాన్ని గట్టిగా పట్టుకోదు, వేడెక్కి నిప్పు పుట్టొచ్చు. నాకు తెలుసు. “అదే కంపెనీవేనా?” అని తబ్రేజ్ అడిగారు కూడా. జుమ్మగీకి సంచి నిండుగా కనిపించాలన్న ఆశ నాది. “ఊఁ” అన్నాను.

వారమంతా తనే కూర్చుని అన్నీ బిగించుకున్న మామూ ఫోన్‌లో ఇంకా పొంగిపోతున్నాడు. “మీ ముమాని హాయిగా పండుకోని ఉండాది. కప్పు మింద ఆ జోడింపులు పట్టుకోని చూసినా మా, యెచ్చగా రొట్టె మాదిరి ఉండాయి! అంటే కరెంటు బాగా వస్తాన్నట్టే గదా?”

“అవును మామూ” అనేశాను.

ఫోన్ పెట్టేశాక కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. ఆ గది కప్పు మీద మేకల కోసం ఆరబెట్టిన గడ్డి ఉంటుంది. దాని కింద ముమాని నిద్రపోతోంది.

“ఏమైంది?” అన్నారు తబ్రేజ్.

చెప్పాను. ఆయన కోప్పడితే బాగుండేది. కంచం పక్కకు జరిపి, “నేను అడిగాను కదా ఖాలిదా” అన్నారు, అంతే. “ఫోన్ చెయ్. నేను కాదు, నువ్వే చెప్పాలి.”

చేశాను. “మామూ, అది మంచి వేడి కాదు. కనెక్టర్లు జతవి కావు. తెలిసీ తెచ్చాను. ముందు లోపల ఫ్యాన్ స్విచ్, ప్యానెళ్ళ మెయిన్ స్విచ్ ఆపండి. కనెక్టర్లు మాత్రం లాగకండి, నిప్పురవ్వలు వస్తాయి. గడ్డి తీసేసి, ప్యానెళ్ళ మీద మందపాటి దుప్పటి కప్పండి.”

 అటువైపు స్విచ్‌ల శబ్దం. నిద్ర చెదిరిన ముమాని గొంతు, “ఫ్యాన్ ఏల ఆపినావు?”

“నీ కోడలు ఆపమన్నాది లే” అన్నాడాయన. మళ్ళీ నాతో, “తోట ఓనరుకు గూడా మా ఇంజనీరు కోడలు అని చెప్పుకుంటిని మా. దీనికంటే మిఠాయి డబ్బా తెచ్చింటే పొయ్యేది గదా?”

నవ్వుతున్నాడో నొచ్చుకున్నాడో తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది.

“మాఫ్ చెయ్యండి మామూ.”

“సరే, ఇప్పుడేం చేద్దాం?”

తబ్రేజ్ అప్పటికే దుకాణదారుకు మెసేజ్ పెట్టారు. జవాబు రాగానే తన ఫోన్ నా ముందుకు జరిపారు. అసలు కంపెనీ కనెక్టర్లు వచ్చాయట.

“ఈ సాయంత్రం వాటిని తీసుకుంటాం మామూ” అన్నాను. “రేపు తెల్లవారుజామున ఫజర్ నమాజ్ కాగానే బయలుదేరతాం. నేనే కప్పు ఎక్కి, పాతవి కోసేసి, కొత్తవి వేస్తాను. మీరు నిచ్చెన పట్టుకోండి.”