పొలం దాటి వినపడే పేరు

ఆడపిల్ల పుట్టగానే ఫోను తీసి "శాంతి, ప్రశాంతత అనే అర్థం వచ్చే పేర్లు" అని వెతికే తండ్రులారా, పక్కన కూర్చుని తలాడించే తాతలారా, మిమ్మల్నే అడిగేది. ఎవరి ప్రశాంతత కోసం వెతుకుతున్నారు మీరు? ఇంకా మెడ నిలబడని పసిగుడ్డు మీ కొంపలో ఏం గొడవ చేసిందని? మగపిల్లాడు పుడితే విజయుడు, వీరుడు, విక్రముడు. వాడు ఊళ్ళేలాలి. ఆడపిల్ల పుడితే సౌమ్య, మౌనిక, నిశ్చల. అది మెత్తగా, మాట్లాడకుండా, కదలకుండా పడుండాలి. పొత్తిళ్ళలో ఉండగానే నోటికి గుడ్డ కట్టేసి, దానికి బారసాల అని పేరు పెట్టి గారెలు తింటారు.

శాంతమ్మ ఈ మాటలేవీ పైకి అనలేదు. అనడానికి ఆమెకి తీరిక లేదు. నల్లపాడులో తమ ఇంటి పెరట్లో పీట మీద కూర్చుని, చాపిన కాళ్ళ మీద మనవరాలిని పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తోంది. తెల్లారకముందే లేచి గారెలకి పప్పు రుబ్బింది, పాయసానికి పాలు కాచింది, బాలింత కోడలికి పత్యం వండి పెట్టింది, మొగుడికి రెండుసార్లు కాఫీ ఇచ్చింది. కోడలు మాధురికి తల్లి లేదు. అందుకే పురుడు అత్తగారింట్లోనే పోశారు. పోసింది శాంతమ్మే. కానీ వీధిలో అందరూ మెచ్చుకునేది మామగారినే. "కోడలికి పురుడు పోస్తున్నాడు, ఎంత మంచి మనసో!" ఆ మంచి మనిషి ఈ ఇరవై రోజుల్లో ఒక్క గుడ్డ ఉతికినవాడు కాదు.

పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. గొంతంటే గొంతు కాదది.

"ఏం గొంతురా నాయనా! స్టేషన్లో గూడ్సు బండి నయం" అన్నాడు మొగుడు వీరాంజనేయులు వసారాలోంచి. ఆయనకి ఊళ్ళో పురుగుమందుల కొట్టుంది. ఇంట్లోనూ కొట్లో కూర్చున్నట్టే కూర్చుంటాడు. "ఒరేయ్ అశోకూ, ఆ పేర్లేవో తొందరగా తేల్చరా. పేరు పెడితేనన్నా ఊరుకుంటుందేమో."

అశోక్ ఫోన్లో చదువుతున్నాడు. "శమిత అంట నాన్నా, శాంతించింది అని. నిశ్చల అంటే కదలనిది."

కదలనిదేంట్రా, బండరాయా? అనుకుంది శాంతమ్మ. పిల్ల కాళ్ళతో ఫెడీమని తన్ని నీళ్ళన్నీ ఆమె మొహం మీదికి చిమ్మింది. కొడుక్కి అశోక్ అని పేరు పెట్టిననాడు శోకం లేనివాడు అని అర్థం చెప్పారు. ఉండదు మరి. వాడి వంతు కూడా నేనే పడ్డాను కదా అనుకుంది.

"ఇవన్నీ ఎందుకురా?" అన్నాడు వీరాంజనేయులు. "ప్రశాంతి అని పెట్టెయ్. మీ అమ్మ పేరు కలిసొస్తుంది. నాయనమ్మ పేరు పెట్టినట్టూ ఉంటుంది, అర్థమూ బాగుంటుంది. ఏమే శాంతీ, విన్నావా? నీ పేరే పెడుతున్నాం!"

ఏదో చీర కొనిచ్చినవాడిలా అన్నాడు. శాంతమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది.

నీ పేరే.

ఇప్పుడు చెప్పాలి అసలు సంగతి. శాంతి అనేది ఈమె పేరు కాదు. ఈమె పేరు అంకమ్మ. ఇకమీదట ఈ కథలో నేను ఆ పేరే వాడతాను, మీరూ అలవాటు చేసుకోండి.

పర్చూరు వైపు నల్లరేగడి పల్లెలో పుట్టింది అంకమ్మ. వాళ్ళమ్మ కోటేశ్వరి మిరపకోతల ముఠాకి పెద్ద. పేరుకి అర్థమేంటని ఆవిడ ఎవర్నీ అడగలేదు. ఆవిడ లెక్క వేరు. "పేరంటే అరవడానికి ఉండాలే. మునుం ఈ చివర నించుని పిలిస్తే ఆ చివరున్న మనిషి తలెత్తాలి. మిగతాదంతా ఉత్తదే" అనేది. అందుకని ఆ ముఠాలో ఆడవాళ్ళు పిల్లకి పేరనుకోగానే గట్టెక్కి పొలం మీదికి ఓసారి కేకేసి చూసేవాళ్ళు. కేక పొలం దాటితే అది పేరు. దాటకపోతే ఇంకోటి చూడు. అంకమ్మకి ముందు ఎవరో సుశీల అన్నారట. కోటేశ్వరి పచ్చి బాలింత, చెవులకి గుడ్డ కట్టుకుని గట్టెక్కి, "సుశీలా" అని అరిచి, "ఛీ, నాలుగు సాళ్ళు కూడా పోలేదు" అని దిగబోయి, మళ్ళీ ఆగి, ఊరి అమ్మవారి పేరు పెట్టి ఒక్క కేక వేసిందట. "ఓ... అంకమ్మోయ్!" అవతలి పత్తి చేలో ఉన్నవాళ్ళంతా నడుం ఎత్తి చూశారట. అయిపోయింది. అదే పేరు.

ఆ కేక తలుచుకుంటే అంకమ్మకి ఇప్పటికీ ముక్కుపుటాల్లోకి కల్లం ఘాటు వస్తుంది. మాఘమాసపు ఎండ, కల్లంలో ఎర్రగా పరిచిన కాయలు, మధ్యలో తడిక కింద సద్ది మూటలు. ఎక్కడో తుమ్మచెట్ల దగ్గర ఆడుకుంటూ ఉంటే అమ్మ కేక గాలి మీద తేలుకుంటూ వచ్చేది. చివర్న ఆ "ఓయ్" పైకి లేచి, సాగి, ఒక్కసారి తెగేది. ఆ కేకలో అన్నం ఉండేది. కోపం ఉండేది. నువ్వు ఎక్కడున్నా నాకు కావాలి అనేది ఉండేది. సాయంత్రాలు కోతల నుంచి ట్రాక్టరు ఎక్కి వస్తుంటే ఆడవాళ్ళంతా ఒకళ్ళ పేరు ఒకళ్ళు కేకలేసుకుంటూ ఊరు చేరేవాళ్ళు, ఎవరూ వెనకపడిపోకూడదని. పచ్చిమిరపకాయ కొరికినట్టుండేవి ఆ పేర్లు. సుబ్బులమ్మోయ్. పోలేరమ్మోయ్. సర్దార్‌బీయోయ్. సర్దార్‌బీ అంకమ్మ ఈడుదే. ఇద్దరిదీ ఒకే మునుం, కోతలో పక్కపక్క సాళ్ళు.

తర్వాత పెళ్ళి. పట్నం పక్క సంబంధం, కొట్టున్న సంబంధం. పెళ్ళికూతురు గడపలో అడుగుపెట్టే ముందు పేర్లు చెప్పించే వేడుక ఉంటుంది కదా. ఆడపడుచు తలుపుకి అడ్డంగా నిలబడి, "పేర్లు చెప్తేనే రానిస్తాను" అంది. అంకమ్మ సిగ్గుతో చచ్చిపోతూ, "నేనూ, మా వారు వీరాంజనేయులు గారూ వచ్చాం" అంది. పెళ్ళికొడుకు గొంతు సవరించుకుని అన్నాడు. "నేనూ, నా భార్య శాంతీ వచ్చాం."

అంకమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఇంకెవరైనా వస్తున్నారేమోనని.

అందరూ విరగబడి నవ్వారు. పిచ్చిపిల్ల, కొత్త పేరు ఎవరూ చెప్పినట్టు లేదు అన్నారు. అత్తగారు వెంకటరావమ్మ బుగ్గ గిల్లి చెప్పింది. "అంకమ్మేంటమ్మా, జాతర్లో పొట్టేలు గుర్తొస్తుంది. కొట్టుకొచ్చే రైతులు వింటే నవ్విపోతారు. శాంతి అంటే ఇల్లు చల్లగా ఉంటుంది. పేరు మంచిదైతే మనిషీ అలాగే అవుతుంది." అంకమ్మ కూడా నవ్వింది. నవ్వుతున్న పదిమందిలో తను ఒక్కతే నవ్వకపోతే బాగుండదని నవ్వింది. కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్ళింది. వెళ్ళింది శాంతి. అంకమ్మ గడప అవతలే ఉండిపోయింది.

ఆ పేరు ఊరికే పేరుగా ఉంటే సర్దుకుపోయేదేమో. దాన్ని పలుపుతాడులా వాడారు. అమ్మ ఊళ్ళో కోతలు మొదలయ్యాయి, వారం వెళ్ళొస్తానంటే, "శాంతీ, నీ పేరేంటో మర్చిపోయావా? నెమ్మది." అత్తగారికి ఎదురు చెప్తే, "పేరు శాంతి, నోరు సంతమార్కెట్టు." కూరలో ఉప్పు ఎక్కువైందని మొగుడు కంచం తోసేస్తే, మెతుకులు ఎత్తుతూ ఆమె చిన్నగా సణిగింది, తనకే వినపడనంత చిన్నగా, పెదాలు మాత్రం కదిలేట్టు. "అదిగో, శాంతిగారికి శాంతి పోయింది!" అని భోజనానికొచ్చిన కొట్టు గుమాస్తా ముందు నవ్వాడు. ఆఖరికి కోటేశ్వరి పోయిన రోజు. శవం మీద పడి అంకమ్మ గుండెలవిసేట్టు ఒక్క కేక పెట్టింది. కల్లంలో అమ్మ నేర్పిన గొంతు అది, పొలాలు దాటే గొంతు. అత్తగారు భుజం నొక్కింది. "శాంతీ! నలుగురూ చూస్తున్నారు." ఆ కేక సగంలో తెగిపోయింది. మిగతా సగం ఇప్పటికీ గొంతులోనే ఉంది. ఆ రోజు తర్వాత అంకమ్మా అని పిలిచేవాళ్ళు కూడా దగ్గర్లో ఎవరూ మిగల్లేదు. పుట్టింటి వాళ్ళు కూడా అల్లుడుగారికి కోపం వస్తుందని శాంతి అనే అంటారు.

ఇప్పుడా పేరు పిల్లకి. నాయనమ్మ పేరు అని. రేపు ఇది గుక్కపట్టి ఏడిస్తే, మట్టిలో ఆడొస్తే, నాకిది వద్దని తలుపు వేసుకుంటే, "ప్రశాంతీ, నీ పేరేంటో మర్చిపోయావా?" అంటారు. నీ నాయనమ్మ ఎంత నెమ్మదో తెలుసా అంటారు. నన్ను కట్టేసిన పలుపే తెచ్చి నా చేతే దీని మెడకి వేయిస్తారు.

"ఏమే, పలకవే? సంతోషంగా లేదా?" వసారాలోంచి మళ్ళీ ఆయనే.

"పిల్లకి నీళ్ళు చల్లారిపోతున్నాయి" అంది అంకమ్మ. మాట మళ్ళించేసింది. ఈ ఇంట్లో ఇన్నేళ్ళ అలవాటు మరి.

సాంబ్రాణి పొగ వేసి, పిల్లని పొడిగుడ్డలో చుట్టి మాధురికి ఇచ్చింది. మాధురి నీరసంగా నవ్వింది. "మీ పేరు కదా అత్తయ్యా అని ఒప్పుకున్నా. లేకపోతే నేను వేరే పేరు అనుకున్నాను."

"ఏంటది?"

"ఎందుకులెండి. ఎవరూ అడగలేదుగా."

అంకమ్మ ఇంకా ఏదో అడగబోయింది. ఈలోగా బంధువులు దిగారు, పంతులుగారు వచ్చారు, టీలు, మంచినీళ్ళు, "శాంతీ, చాపలు చాల్లేదు", "శాంతీ, తమలపాకులేవి?" ఉయ్యాలకి పూలు చుట్టారు. పళ్ళెంలో బియ్యం పోసి, అశోక్ చేతికి ఉంగరం ఇచ్చారు. పిల్ల మళ్ళీ ఏడుపు అందుకుంది.

అప్పుడు వీధి చివర్నుంచి వచ్చింది.

"ఓ... అంకమ్మోయ్!"

చివర్న పైకి లేచి, సాగి, తెగింది. పిల్ల టక్కున ఏడుపాపింది. ఒక్క క్షణమే. తర్వాత ఎవరో తనతో పోటీకొచ్చినట్టు రెట్టింపు గొంతుతో మొదలెట్టింది. వాకిట్లో అంకమ్మ చేతిలోంచి తమలపాకులు జారిపోయాయి.

సర్దార్‌బీ. ఇప్పుడు గుంటూరులో శీతలగిడ్డంగి దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పని చేస్తోంది. అంకమ్మకి మనవరాలు పుట్టిన సంగతి ఎవరి దగ్గరో విని, చేతిలో చిన్న గౌను పొట్లంతో, ఘాటుకి కంది ఉన్న వేళ్ళతో వస్తోంది.

"ఏమే అంకీ! బారసాలకి చెప్పవా? ముసలిదానివయ్యావే!"

"నువ్వు మాత్రం పడుచుదానివి! ఆ గొంతు ఇంకా పోలేదే నీకు."

"నాది పోలా. నీదెక్కడ పోయిందే? పలకడానికి ఇంతసేపా?"

అశోక్ నవ్వుతూ అన్నాడు. "అంకమ్మ అనేది మా అమ్మకి ఊళ్ళో ముద్దుపేరు పిన్నీ."

"ముద్దుపేరేంట్రా నీ మొహం! మీ అమ్మమ్మ గట్టెక్కి పెట్టిన పేరు. శాంతి గీంతి మీ నాయనమ్మ పెట్టింది."

మాధురి ఉయ్యాల దగ్గర్నుంచి తలెత్తింది. "అత్తయ్యా! శాంతి మీ పేరు కాదా?"

అందరి ముందూ అడిగింది. ఇంతకాలంలో ఆ ప్రశ్న ఆమెని అడిగిన మొదటి మనిషి మాధురి.

వీరాంజనేయులు కలగజేసుకున్నాడు. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా? ముహూర్తం దాటిపోతోంది. ఒరేయ్, రాయి. ప్రశాంతి."

అశోక్ ఉంగరం బియ్యానికి ఆనించాడు. అంకమ్మ లోపలికొచ్చింది. ఏడుస్తున్న పిల్లని మాధురి ఒళ్ళోంచి ఎత్తుకుంది. "ఒక్క నిమిషం ఇవ్వమ్మా" అంది. పిల్లని భుజాన వేసుకుని, అందరూ చూస్తుండగా గడప దాటి బయటికి వెళ్ళి, ఇటు తిరిగి నిలబడింది.

"ఏంటీ వేషాలు? ఎండలో పిల్లతో!" వీరాంజనేయులు గుమ్మంలోకి వచ్చాడు. "శాంతీ, లోపలికి రా."

ఆమె వెనక్కి తిరిగి వీధిలోకి చూసింది. మళ్ళీ ఆయన వైపు తిరిగింది.

"ఆ రోజు కూడా ఇక్కడే నిలబడి ఇలాగే చూశానండీ, శాంతి ఎవరా అని. ఆవిడ ఇంకా రాలేదు."

"నీకేమైనా పిచ్చెక్కిందా? నలుగురూ చూస్తున్నారు!"

"చూడనివ్వండి. నలుగురూ చూస్తుండగానే కదా మార్చారు." భుజం మీద పిల్ల చెవి చిల్లుపడేట్టు ఏడుస్తోంది. అంకమ్మ జో కొట్టలేదు. ఊరుకోమనలేదు. దాని ఏడుపు మీదుగా వినపడేట్టు గొంతు పెంచింది. సగంలో తెగి గొంతులో ఉండిపోయిన కేక అది. తనకే కొత్తగా ఉంది. "ఆ రోజు పేరు చెప్తేనే రానిస్తామన్నారు. చెప్పాను. మీ పేరు మీకున్నట్టే చెప్పాను, అక్షరం మార్చలేదు. ఇవాళ మీ వంతు. ఆ ఉంగరం పక్కన పెట్టించండి. దీన్ని కన్నది మాధురి. దీని పేరు అది చెప్తుంది, మీరు రాయండి. అర్థం ఫోన్లో కాదు, గట్టెక్కి చూద్దాం. కానీ దానికంటే ముందు ఇంకో పేరుంది. ఆ గడపలో నిలబడి, నేను పుట్టినప్పటి పేరు పెట్టి నన్ను లోపలికి పిలవండి. గొణిగితే రాను. వీధి చివరిదాకా వినపడాలి."

లోపల మాధురి లేచి నిలబడింది.

"పిలవండి" అంది అంకమ్మ. "గట్టిగా."