ముసలి గొర్రె

గొర్రెకూ మనిషికీ తేడా తెలియని ఇంట్లో నన్ను పడేశావని ఆ ఎండాకాలమంతా మా నాయనను మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు అది. నాకు ఎనిమిదో నెల. తొలి కానుపు పుట్టింట్లో కావాలి. కానీ మా అమ్మ అప్పటికే పోయింది, వాడపల్లిలో మా నాయన ఒక్కడే ఉండేవాడు. అందుకని గరిడేపల్లిలో అత్తగారింట్లోనే ఉండిపోయాను. మా ఆయన యాదయ్య మందను తోలుకుని మేత కోసం మఠంపల్లి దిక్కు, కృష్ణ ఒడ్డుకు పోయాడు.

మొదట పొట్ట మీద సాగిన చారల్లో ఎర్రగా పొక్కింది. చూస్తుండగానే తొడలకు పాకింది. అబ్బ, ఏం దురద అది! పొట్టను గోడకు రాసుకోవాలనిపించేది. గోళ్ళతో గీరితే నెత్తురొచ్చేది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు తలంటు పోస్తూ మా అత్త ఉప్పలమ్మ చూడనే చూసింది.

"గజ్జి!" అని చెంబు అక్కడే వదిలేసి వెనక్కి జరిగింది.

గొర్రెలు కాసే ఇళ్ళలో ఆ మాటంటే ఎంత భయమో బయటివాళ్ళకు తెలియదు. కిందటేడు గజ్జి పట్టి మా సగం మంద పోయింది. ఉన్ని ఊడి, పుండ్లు పడి చచ్చిన గొర్రెలను గుంట తీసి పూడ్చింది మా అత్తే. అందుకని నన్నిక ఇంట్లో ఉండనివ్వలేదు. పెరట్లో గొర్రెపిల్లల పాక ఖాళీగా ఉంటే అందులో పడుకోమంది. అన్నం గిన్నె గడప అవతల పెట్టి పోయేది.

అంతటితో ఆగినా బాగుండేది. నాలుగైదు రోజులు చూసి, గొర్రెల మందు కాచింది. పొగాకు కాడలు ఉడకబెట్టి, కానుగ నూనె కలిపి, కర్రకు గుడ్డ చుట్టి, దూరంగా నిలబడి నా పొట్టంతా పూసింది. గీరుకున్న చోటల్లా భగ్గున మండింది. కాసేపటికి కళ్ళు తిరిగాయి. తిన్నదంతా కక్కేశాను. అదీ కాదు నా బాధ. పొద్దున దాకా తన్నిన బిడ్డ కదలడం మానేసింది.

"అత్తా, బిడ్డ కదుల్తలేదే," అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. మాట మాత్రం తగ్గలేదు. "మందు పట్టిందంటే గట్లనే ఉంటది. గొర్రె గూడ ఒక పూట పడిపోతది. రేపు ఇంకోపారి పూస్త, ఇగ ఖతం."

సాయంత్రానికి లోపల చిన్న కదలిక తెలిసింది. హమ్మయ్య అనుకున్నాను. కానీ రేపటి మాటేమిటి? ఇంకోసారి ఆ నీళ్ళు పూస్తే నా బిడ్డ నాకు దక్కదు.

తెల్లారి ఆమె కుండ తేగానే లాక్కుని నేల మీద బోర్లించాను.

"నేను గొర్రెను కాను! నా మీద అది పోసినవంటే మంచిగుండదు సూడు!" అని అరిచాను.

అత్తను అంత మాటనడం అదే మొదలు. ఆమె నోరు తెరిచేలోగా మామ అచ్చయ్య వచ్చాడు. ఆయనది తక్కువ మాట. పారిన పొగాకు నీళ్ళను చూశాడు, నన్ను చూశాడు.

"మిర్యాలగూడల జానమ్మ నర్సుకు సూపిద్దాం," అని కిరాయి బండి మాట్లాడటానికి పోయాడు.

జానమ్మ మిషన్ దవాఖానలో పని నేర్చుకుని, తన ఇంటి దగ్గరే కానుపులు చూసే మనిషి. మేము బండి దిగగానే ఉత్త చేత్తో నా పొట్ట తడిమింది. అన్నాళ్ళకు ఒక మనిషి చెయ్యి తగిలేసరికి నాకు ఏడుపు ఆగలేదు. ఏడవనిచ్చింది. తర్వాత నా వేళ్ళ సందులు విడదీసి చూసింది. కనురెప్పలు లాగి చూసింది. అరచేతులు, అరికాళ్ళు దురద పెడుతున్నాయా, మూత్రం ముదురు రంగులో వస్తోందా అని అడిగింది. లేదన్నాను. పొట్టకు చెక్క గొట్టం ఆనించి, చెవి పెట్టి చాలాసేపు విన్నది.

"బిడ్డ గుండె మంచిగనే కొట్టుకుంటాంది," అంది. "ఇది గజ్జి కాదు బిడ్డా. గజ్జయితే వేళ్ళ సందులల్ల కనపడ్తది, ఇంట్ల అందరికి అంటుతది. ఇది కడుపు సాగిన చారలల్ల లేచింది, బొడ్డును ఇడిసిపెట్టింది సూడు. తొలిసూలు ఆడోళ్ళకు కొందరికి వస్తది. ఎవరికి అంటదు. బిడ్డకు ఏం కాదు. కానుపయినంక దానంతటదే పోతది."

"అందాక ఈ దురదతోని ఎట్ల బతకాలమ్మా?"

"సల్లటి నీళ్ళల్ల గుడ్డ పిండి కడుపు మీద ఏసుకో. కొబ్బరి నూనె రాయి. మెత్తటి పాత చీరె కట్టు. ఉడుకు నీళ్ళు పోసుకోకు. గోర్లు తీసెయ్."

మామ పొగాకు సంగతి చెప్పాడు. ఆమె ముఖం మారిపోయింది.

"అది తోలుల నుంచి లోపలికి పోతది. ఇషం. ఇంకోపారి పూయొద్దు," అని మామకు గట్టిగా చెప్పింది. "ఇంకో మాట యాది పెట్టుకో. పొక్కులు లేకుంట అరచేతులు, అరికాళ్ళు దురద పెట్టినా, కండ్లు పచ్చబడ్డా, బిడ్డ కదలిక తగ్గినా, ఆ దినమే సూర్యాపేట పెద్ద దవాఖానకు తీస్కపోవాలె. రేపు సూద్దామనొద్దు."

మరునాడు ఇంటికి తిరిగొచ్చి మామ అంతా చెబితే అత్త పెదవి విరిచింది.

"ఆ నర్సుకేమన్న గొర్ల మంద ఉందా, అది పోతదన్న భయముందా? పుండ్లు కండ్ల ముంగట కనపడ్తుంటే ఇంట్లకెట్ల రానిస్త? కానుపు గూడ ఆ పాకలనే కానియ్."

గజ్జి అని వింటే మంత్రసాని పాక తొక్కదు. నా బిడ్డను నేనొక్కదాన్నే అక్కడ కనాలి.

మామ అత్త దిక్కు తిరిగాడు. "అనుమానమున్న గొర్రెను మనమేం చేస్తం?" అని అడిగాడు.

మా ఇంట్లో అది తెలియనివాళ్ళు లేరు. గజ్జో కాదో తేలకపోతే ఆ గొర్రె పక్కన ఒక ముసలి గొర్రెను కట్టేస్తారు. పోయినా మందకు నష్టం లేనిదాన్ని. అమావాస్య దాటేదాకా చూస్తారు. ముసలిదానికి అంటకపోతే రెండింటినీ మందలో కలుపుతారు.

"గట్లనే ఈ పిల్ల పక్కన ఎవరన్న పండాలె," అన్నాడు మామ. "ఆడమనిషే కావాలె."

నేను కాక ఆ ఇంట్లో ఉన్న ఆడమనిషి మా అత్త ఒక్కతే. ఆమె లేచి లోపలికి పోయింది. ఇక ఆశ లేదనుకుని నేను పాకకు నడిచాను.

పొద్దు గూకకముందే అత్త గొంగడి చంకన పెట్టుకుని వచ్చింది. నా పక్కన పరిచింది.

"జరుగు పిల్లా," అంది.

నా నోరు ఊరుకుంటుందా? "అంటుకుంటేనో?" అన్నాను.

"అంటుకోనియ్. ముసలి గొర్రెనే కద."

నీళ్ళలో గుడ్డ ముంచి పిండింది. ఈసారి కర్రకు చుట్టలేదు. తన చేత్తోనే నా పొట్ట మీద పరిచింది. "ఆ దినం బిడ్డ కదుల్తలేదన్నవ్ సూడు, అప్పటిసంది నా పాణం కొట్టుకుంటనే ఉంది. నా చేతులతోని నేనే సంపిననా అనుకున్న. ఎవరికి చెప్పుకుంట?" అంది.

ఆమె మీద ఎంత కోపముందో అంత జాలీ కలిగింది నాకు. ఆమె చెయ్యి పట్టుకుని పక్కటెముకల కిందికి జరిపాను. బిడ్డ గట్టిగా తన్నింది.

"తన్నింది," అంది అత్త. గొంగడి ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

అప్పటినుంచి రోజూ తెల్లారగానే గుమ్మంలో నిలబడి తన వేళ్ళ సందులు చూసుకునేది. నేనూ చూసేదాన్ని. ఎప్పటిలాగే గరుకుగా ఉండేవి, ఒక్క పొక్కు లేదు. నా దురద పూర్తిగా పోలేదు కానీ తడిగుడ్డకూ నూనెకూ ఓర్చుకునేంత తగ్గింది. అమావాస్య దాటిన పొద్దున అత్త గొంగడి చుట్టి, నా చెయ్యి పట్టుకుని, వాడకట్టు జనమంతా చూస్తుండగా ముందు వాకిట్లోంచే నన్ను ఇంట్లోకి తీసుకుపోయింది.

మంత్రసాని వచ్చింది. నడింట్లోనే ఆడపిల్ల పుట్టింది. కొన్నాళ్ళకు పొక్కులు మచ్చ కూడా లేకుండా పోయాయి.

ఆ పొగాకు నీళ్ళను మాత్రం నేను క్షమించలేదు. ఆ మాట మా అత్త ముఖం మీదే చాలాసార్లు అన్నాను. "మాఫ్ చెయ్యకు పిల్లా," అనేది ఆమె, మనుమరాలిని ఒళ్ళోంచి దించకుండానే.