నడిమి కాసు

నాకు చేతులు ఊరికే పెట్టుకుని కూర్చోవడం చేతకాదు. ఆ ఎండాకాలమైతే మా ఇంట్లో ఎవరమూ ఒకచోట నిలవలేకపోయాం. బొంబాయి రేవులో ఓడ పేలిందని కోడుమూరంతా గుప్పుమంది. మా మరిది హనుమన్న ఆ రేవులోనే మూటలు మోసేవాడు. ఆ కబురు తర్వాత అతని దగ్గర నుంచి జాబు లేదు.

అతని పెళ్ళాం బసమ్మ నా సొంత చెల్లెలు. ఇద్దరం ఒకే ఇంటికి కోడళ్ళమై వచ్చాం. యుద్ధం పుణ్యమా అని నూలు దొరక్క మగ్గం మూలపడింది. పని లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది. అందుకే దాని కాసులపేరు నెత్తికెత్తుకున్నాను.

ఆ పేరు సంగతీ చెప్పాలి. పోయినసారి హనుమన్న ఊరికొచ్చినప్పుడు బసమ్మ కాసులపేరు అడిగింది. "బంగారు కాసు మీద ఉండేదీ రాజు తలే, నా జాబు మీద ఉండేదీ రాజు తలే. పోగేసి కట్టుకోపో" అని నవ్వి రైలెక్కాడు. ఈ పిచ్చిమొహానికి అది ఎగతాళని తోచలేదు. వచ్చిన ప్రతి కవరు మీది తపాలా బిళ్ళనూ తడిపి, ఊడదీసి దాచింది.

అట్టముక్కను గుండ్రంగా కత్తిరించి, బిళ్ళ అంటించి, చుట్టూ చీరంచుల్లో మిగిలిన జరీపోగు తిప్పేవాళ్ళం. పైన లక్కపూత పక్కింటి జైనాబ్ బీ పని. గాజుల అంగడి వాళ్ళది. పూత ఆరాక ఎండలో పెడితే నిజం కాసులే అనిపించేవి. నడుమ పెద్ద కాసు ఒక్కటే మిగిలింది. దానికి బిళ్ళ లేదు.

"వచ్చే జాబుది దానికక్కా" అనేది బసమ్మ. తపాలా బంట్రోతు వీధి మొదట్లో కనిపిస్తే చాలు, గడపలోకి ఉరికేది. అతను తలవంచుకుని దాటిపోతే నాకు ఒళ్ళు మండేది. అతని మీదో, దీని మీదో, ఆ బొంబాయి మీదో నాకే తెలియదు.

ఒకరోజు నూలు ఇస్తారంటే ఇద్దరం పొద్దున్నే పోయి వరుసలో నిలబడ్డాం. నూలు రాలేదు. ఇంటికొచ్చేసరికి మా అత్త సుంకులమ్మ నట్టింట్లో కూలబడి ఉంది. చేతిలో కార్డు. దాని మూల లేదు.

మాలో చావు కబురు కార్డుకే మూల తీసేస్తారు. అట్లాంటి కార్డు చూడగానే చింపి బయట పారేసి, తలకు నీళ్ళు పోసుకోవాలి. బసమ్మ గడప దాటి లోపలికి రాలేదు.

"నా కొడుకు పోయినాడే" అంది అత్త. ఏడుపు కూడా రావడం లేదు ఆమెకు. "గాజులు తియ్యే బసమ్మా."

నేను వెళ్ళి చెల్లెలి రెండు చేతులూ నా కొంగులో చుట్టేశాను. "చదవకుండా గాజులేంది? కార్డు ఇట్లియ్యి."

"మైల కార్డు, ముట్టొద్దు." చింపబోయింది. నాకు కోపం ఆగలేదు. అత్త అని చూడక చేతిలోంచి లాక్కున్నాను. నాకు కూడబలుక్కుని చదవడం వచ్చు. మొదటి మాట మూలతోనే పోయింది.

"'...ముగా ఉండాను. చెయ్యి కాలింది, మానుతాండాది. ఆసుపత్రిలో ఉంటి, రాయలేకపోతి. దసరాకు వస్తా.'"

"అబద్ధం" అంది అత్త. "వాడు పోయినంక ఎవరో రాసినారు. లేకుంటే మూల యాడికి పోయింది? చెప్పు."

నేను కార్డు తిప్పి తెగిన అంచు చూశాను.

అప్పుడే జైనాబ్ బీ నవ్వుకుంటూ లోపలికొచ్చింది. ఒక చేతిలో కత్తెర, ఇంకో అరచేతిలో జరీ చుట్టిన గుండ్రటి ముక్క. "నడిమి కాసు! బంట్రోతు కార్డు నా చేతికిచ్చినాడు. మీరు లేరు, కాసుకు కావలసింది తీసుకుని తక్కిన కార్డు మీ గూట్లో పెట్టిపోతి. కార్డు మీద తల అచ్చులోనే ఉంటాది కదా, ఊడిరాదు. అందుకే మూల కత్తిరిస్తి. కార్డే గట్టిది, అట్టకు అంటించలేదు. లక్క ఇంకా పూయలేదు." మా ముఖాలు చూసి ఆగిపోయింది. "ఏమక్కా? ఏమైంది?"

పాపం, వాళ్ళలో ఈ మూల ఆచారం లేదు. ఆమెకెట్లా తెలుస్తుంది? అయినా నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూనే ఆ ముక్కను తిప్పి చూశాను. రాజు తల వెనక, హనుమన్న వంకర రాతలో "నేను క్షేమ" అని ఉంది.

"మళ్ళా చదువు" అంది అత్త. చదివాను. "మళ్ళా" అంది. అప్పుడు ఏడ్చింది.

ఏడుపయ్యాక లేచి, నూలు వస్తే పడుగుకు పట్టించాలని కాచి పెట్టిన గంజి తెచ్చింది. ఆ ముక్క జరీ విప్పి, కార్డు మూలకు చేర్చి, వెనక సన్నటి కాగితం పట్టీ వేసి అంటించింది.

"నడిమి కాసో అత్తా?" అంది బసమ్మ.

"ఆ సందు అట్లే ఉండనీ. దసరాకు వాడే వచ్చి పూడుస్తాడు." అత్త జైనాబ్ బీ వైపు చెయ్యి చాపింది. "నువ్వు మాత్రం ఆ కత్తెర ఇట్లియ్యమ్మా."

బసమ్మ ఆ పూటే పేరు మెళ్ళో వేసుకుంది, నడుమ ఖాళీతోనే.