ఉరిమితే మెయిన్ దించే ఇల్లు

రావులపాలెం నుంచి కాకినాడ దాకా కంప్యూటర్ బాగుచేయడంలో నన్ను మించినవాడు లేడు. నమ్మకపోతే మా కోడలు హెలెన్‌ని అడగండి. చచ్చి పడున్న తన కంప్యూటర్‌ని, వేలైనా తగిలించకుండా, ఒక్క మాటతో లేపాను.

ఆదివారం మా ఊరి చర్చికి నూరేళ్ళ పండుగ. హెలెన్ బళ్ళో టీచరు. రెండేళ్ళు ఇల్లిల్లూ తిరిగి, పెద్దవాళ్ళ చేత పాత సంగతులు చెప్పించి, ఫొటోలు పోగేసి, పండుగకి పుస్తకం తయారుచేసింది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికల్లా అది కాకినాడ ప్రెస్సుకి చేరాలి. ఆ పొద్దున్న పాస్‌వర్డ్ కొట్టిందో లేదో, యూజర్ ప్రొఫైల్ లోడ్ కాదని తెర మీద పడింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే.

“ఇంకెక్కడా దాచలేదండీ మావయ్యగారూ,” అంది హెలెన్. “చెప్పినవాళ్ళలో ఐదుగురు పోయారు. ఇప్పుడు ఎవర్ని అడగను?”

“నన్నడుగు. వాళ్ళకంటే బాగా చెబుతాను.”

“మీరు చెబితే చర్చి కట్టింది కూడా మీరే అవుతారు.”

కంప్యూటర్లు బాగుచేసే విజయ్ పాల్ ఆ రోజు అన్నవరంలో ఉన్నాడు. బైకు మీద వచ్చేసరికి రెండున్నర. సేఫ్ మోడ్ అంటూ ఏదో దొడ్డిదారిన లోపలికి వెళ్ళి చూశాడు.

“నిన్న మూడూ పదికి ఉన్నట్టుండి ఆగిపోయిందండి. కరెంటు పోయిందా?”

“లేదే,” అంది హెలెన్. “ఊళ్ళో ఎక్కడా పోలేదు. బళ్ళో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.”

“దానంతటదే ఆగిందంటే డిస్కు పోతున్నట్టేనండి. ఇంకా కెలికితే లోపలున్నదీ పోతుంది. రాజమండ్రి పంపాలి. వారం పడుతుంది.”

హెలెన్ కుర్చీలో కూలబడింది.

మా ఇంట్లో మా నాన్న నాటి నుంచీ ఒక ఆచారం ఉంది. ఉరిమితే మెయిన్ స్విచ్ దించేయాలి. ముందురోజు మధ్యాహ్నం మూడింటికి ఉరిమింది. మామూలు ఉరుమా? ఎక్కడో పట్టిసీమలో కునుకు తీస్తున్నవాళ్ళు మంచాల మీంచి కిందపడ్డారు. కంప్యూటర్ తెర మీద ఏదో గుండ్రంగా తిరుగుతోంది. దాని కింద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. నా ఇంగ్లీషు బస్సు బోర్డుల వరకే. మెయిన్ దించాను, ఉరుములు ఆగాక ఎత్తాను, ఎవరికీ చెప్పలేదు.

నోరు విప్పితే నా పరువు పోతుంది. విప్పకపోతే పుస్తకం పోతుంది. గడియారం మూడు కొట్టింది.

“ఒరే అబ్బాయ్, డిస్కునేం అనకు. తెర మీద ఏదో గుండ్రంగా తిరుగుతుంటే మెయిన్ దించింది నేను.”

హెలెన్ నా వైపు తిరిగింది. ఆ చూపు గురించి రాయను. విజయ్ పాల్ మాత్రం ఎగిరి గంతేశాడు.

“ఎంత చల్లటి మాట చెప్పారు తాతగారూ! అప్‌డేట్ మధ్యలో కరెంటు తీశారు. దెబ్బతిన్నది హెలెన్ గారిని గుర్తుపట్టే ప్రొఫైలే, డిస్కు కాదు!”

కంప్యూటర్ కడుపులో రిజిస్ట్రీ అని ఒకటి ఉంటుందట. అందులో ఒక్కో మనిషికి ఒక్కో పొడుగాటి నంబరు. హెలెన్ నంబరు రెండుసార్లు ఉంది. ఒకదానికి చివర ‘బ్యాక్’ అని తోక.

“తోక ఉన్నదే అసలు హెలెన్ గారండి. రెండోది నిన్నటి గందరగోళంలో పుట్టిన ఉత్త డొల్ల.”

“అయితే తోక కోసెయ్యరా!” అని అరిచాను.

ముందు రిజిస్ట్రీకి నకలు తీసుకున్నాడు. డొల్లదానికి పేరు మార్చాడు. అసలుదాని తోక తీసేశాడు. కంప్యూటర్‌ని ఆపి మళ్ళీ వేశాడు. హెలెన్ పాస్‌వర్డ్ కొట్టింది. తెర మీద సున్నా తిరిగింది, తిరిగింది... పాత చర్చి ఫొటో వచ్చి నిలబడింది! దాని పక్కనే పుస్తకం. తెరిస్తే నూట పన్నెండు పేజీలూ ఉన్నాయి! హెలెన్ వేసిన కేకకి పక్కింటి బేబి గరిటతో సహా పరుగెత్తుకొచ్చింది.

నాలుగింటికి పది నిమిషాలుండగా పుస్తకం మెయిల్లో ప్రెస్సుకి వెళ్ళిపోయింది.

“మీ వల్లే పోయింది, మీ వల్లే వచ్చింది మావయ్యగారూ. తిట్టమంటారా, దండం పెట్టమంటారా?”

“రెండూ కానివ్వమ్మా. ముందు టీ పెట్టు.”

ఆదివారం పుస్తకం పంచారు. మొదటి పేజీలోనే, ‘ఈ పుస్తకాన్ని కాపాడిన సాల్మన్ గారికి’ అని బంగారు రంగు అక్షరాల్లో నా పేరు.

సరే, ఆ మాట నేను కల్పించాను. అక్కడ ఉన్నది విజయ్ పాల్ పేరు, నల్ల సిరాతో.