వడ్డించేవాళ్ళ బంతి

"కళా, ఆ మనుషులతో మాట్లాడే పద్ధతేదో మన సుధీర్‌కి కాస్త నేర్పు. రెండు రోజులు చాలు కదా," అన్నాడు గోపాలకృష్ణ, పెసరట్టు తుంచి అల్లం పచ్చడిలో అద్దుకుంటూ. ఇది నెల కిందటి మాట.

చంద్రకళ అట్లకాడ పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉంది. పందొమ్మిదేళ్ళుగా నేర్చుకున్నదంతా రెండు రోజుల్లో మరిదికి ఒప్పజెప్పాలన్నమాట. "సరే," అంది. ఆ ఇంట్లో ఆమె నోటికి అంతగా అలవాటైన మాట ఇంకోటి లేదు.

తెనాలిలో వాళ్ళ వంటలకి పేరుంది. పెళ్ళయినా, ఓణీల ఫంక్షనైనా, ఆకులు వేసి బంతుల్లో కూర్చోబెట్టి పెట్టాలంటే గోపాలకృష్ణనే పిలుస్తారు. పిలిచేది ఆయన్ని, మొదటి బంతి నుంచి ఆఖరి బంతి దాకా కాళ్ళమీద నిలబడేది చంద్రకళ. ఈమధ్య బాపట్లలో ఒక కల్యాణమండపం లీజుకి తీసుకున్నారు. దాని బాధ్యత తనకే ఇస్తారని ఆమె లోలోపల అనుకుంది. పిచ్చిది, కిటికీలకి ఏ రంగు తెరలు కట్టించాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. తీరా చూస్తే తాళాలు సుధీర్ చేతికి వెళ్ళాయి. "వాడు విజయవాడలో కోర్సు చేశాడు. నీది నోటి మంచితనం, అది వేరు," అన్నాడు భర్త.

నోటి మంచితనమట. ఆ ముక్క అనేస్తే ఇక అందులో కష్టమే లేనట్టు. పెరట్లో కరివేపాకులాగా ఎవరికి కావాలంటే వాళ్ళు వచ్చి దూసుకుపోవచ్చు. వడ్డనకి రేపల్లె వైపు నుంచి ఇరవై రెండు మంది ఆడవాళ్ళు వస్తారు. అచ్చమ్మకి షుగరు, వేళకి తినకపోతే కళ్ళు తిరుగుతాయి. కృపారాణి కూతురు నర్సింగు పరీక్షలు రాస్తోంది, హాల్ టికెట్ వచ్చిందో లేదో అడగాలి. ఇంకొకామె మొగుడు రాత్రి తాగొచ్చి చెయ్యి చేసుకున్నాడు, ఇవాళ ఆమెను జనం ఎదుట బంతిలో నిలబెట్టకూడదు, లోపల పెరుగు దగ్గర ఉంచాలి. ఇవన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు? అత్తగారి బీపీ మాత్రలు, మొగుడి ఇస్త్రీ చొక్కాలు, గ్యాసు బండ ఎప్పుడైపోతుందో గుర్తుపెట్టుకునే బుర్రే ఇవీ మోస్తుంది. సాయంత్రానికి నవ్వి నవ్వి దవడలు లాగేవి. ఇంటికొచ్చాక నోరు విప్పబుద్ధయ్యేది కాదు. అప్పుడు అత్తగారు మాణిక్యాంబ అందుకునేది, "వీధిలో వాళ్ళందరికీ పలకరింపులు, ఇంట్లోవాళ్ళకి మూతి విరుపులూనూ."

చంద్రకళ పెట్టిన నియమం ఒకటుంది. పెళ్ళివారి మొదటి బంతికి గంట ముందు వడ్డించేవాళ్ళకి ఆకులు వేయాలి. పప్పు, కూర, పచ్చడి, స్వీటుతో సహా అన్నీ పడాలి. మొదటిసారి ఆ పని చేసినప్పుడు మాణిక్యాంబ నానా రభసా చేసింది. "పెళ్ళివారికంటే ముందు పనివాళ్ళు తినడమేంటే, ఎక్కడన్నా విన్నామా?" అని. "ఆకలి కడుపుతో ఉన్న మనిషి ఇంకొకళ్ళకి ఎట్లా కొసరి వడ్డిస్తుందత్తయ్యా?" అంది చంద్రకళ. ఆ తర్వాత పెళ్ళివారు వాళ్ళ వడ్డన గురించి గొప్పగా చెప్పుకుంటుంటే అందరూ నోరు మూసుకున్నారు. ఇంట్లో మాత్రం అందరూ తిన్నాక, గిన్నెల్లో మిగిలింది ఊడ్చుకుని తినేది చంద్రకళే. ఆ నియమం ఇంటికీ పెట్టుకోవచ్చని ఎవరికీ తోచలేదు, ఆమెతో సహా.

సుధీర్ నోటుబుక్కు తెచ్చుకుని శ్రద్ధగానే కూర్చున్నాడు. "పాయింట్లు చెప్పండి వదినా," అన్నాడు. ముందు వాళ్ళకి అన్నం పెట్టు, తిన్నారా అని ఒక్కొక్కళ్ళనీ అడుగు, అంది. రెండూ రాసుకున్నాడు. పోయిన వారం బాపట్లలో మొదటి పెళ్ళి చేయించాడు. ఆడవాళ్ళందరికీ నంబర్లున్న బ్యాడ్జీలు పెట్టాడు. ముహూర్తం తొందరలో మొదటి పాయింటు వదిలేసి రెండోది పట్టుకున్నాడు. రెండు గంటలవేళ, ఒక్క మెతుకూ తినని మనుషుల మధ్య తిరుగుతూ, "తిన్నారా? తిన్నారా?" అని నవ్వుతూ అడిగి, జవాబు కోసం ఆగకుండా ముందుకెళ్ళిపోయాడు. ఆఖరి బంతిలో అచ్చమ్మ సాంబారు బకెట్టుతో సహా కూలబడిపోయింది. "పదకొండో నంబరు, లేమ్మా," అన్నాడట. ఆసుపత్రికి తీసుకెళ్ళింది తోటివాళ్ళే.

అది విన్నాక చంద్రకళ ఆ పూట అన్నం తినలేకపోయింది. తను చెప్పిన మాటే వాడు అడిగాడు కదా మరి. తన నోట్లోంచి ఊడి పడిన మాటే.

రేపు బాపట్లలో ఇంకో పెళ్ళి. పెళ్ళికూతురు తరఫువాళ్ళు పెద్ద కుటుంబం, ఎనిమిది వందల మంది జనం. వడ్డనకి తామెవరమూ రాబోమని కృపారాణి నిన్ననే చెప్పేసింది. సుధీర్ పదిసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇవాళ మధ్యాహ్నం చంద్రకళ అన్నం దించి వారుస్తుండగా గోపాలకృష్ణ వంటింట్లోకి వచ్చాడు. ఆయన వంటింట్లోకి వచ్చాడంటే అవసరం గట్టిదే.

"నువ్వు ఫోన్ చెయ్యి. నువ్వు పిలిస్తే వస్తారు."

"మీరుంటారా అని అడుగుతారండి. ఏం చెప్పను?"

"ఉంటానని చెప్పు. రేపు గడిస్తే చాలు, తర్వాత సుధీర్ మెల్లగా దారిలో పెట్టుకుంటాడు."

చంద్రకళ ఆయన మొహంలోకి చూసింది. అందులో కపటమేమీ లేదు. అదే ఆమెకి మరీ నీరసం తెప్పించింది. అన్నేళ్ళూ ఒక్కొక్క మనిషి దగ్గరా కూర్చుని సంపాదించుకున్న నమ్మకాన్ని చేపలకి వేసే ఎరలాగా వాడమంటున్నాడు, అది తప్పన్న సంగతే ఆయనకి తెలియదు. రేపు ఆమె మాట మీద వస్తారు. ఎల్లుండి ఆమె ఉండదు. ఇంకెప్పుడూ ఆమె "తిన్నారా?" అని అడిగినా వాళ్ళు నమ్మరు. ఆ ఒక్క మాటా పోతే తనకంటూ ఇంకేం మిగులుతుంది?

ఫోన్ స్పీకర్లో పెట్టింది. అవతల కృపారాణి వెంటనే ఎత్తింది.

"అచ్చమ్మకి ఎట్లా ఉంది?" అంది చంద్రకళ.

"లేచి తిరుగుతోందక్కా. మీరు చేశారంటే ఎందుకో నాకు తెలుసు. మీరుంటారా, లేదా? అది చెప్పండి చాలు."

గోపాలకృష్ణ ఉంటానను, ఉంటానను అని చెయ్యి ఊపాడు.

"రేపు ఉంటాను కృపా. ఎల్లుండీ ఉంటాను. బాపట్ల హాలు ఇక నేనే చూస్తాను. బ్యాడ్జీలుండవు. తొమ్మిదిన్నరకల్లా మీ ఆకులు వేయిస్తాను. ఒకవేళ నన్నక్కడ ఉండనివ్వకపోతే నేనే ఫోన్ చేసి రావద్దని చెప్తాను."

"అయితే వస్తాం," అంది కృపారాణి. "మీరు తిన్నారా అక్కా?"

అడిగి, జవాబు కోసం ఆగింది. చంద్రకళ దించిన అన్నం గిన్నె వంక చూసింది. "లేదు," అంది. "ఇప్పుడు తింటాను."

ఫోన్ పెట్టేశాక గోపాలకృష్ణ, "అదేంటి, అట్లా చెప్పేశావు? సుధీర్‌కి ఏం చెప్పను?" అన్నాడు.

"తాళాలు తెచ్చిమ్మనండి. తొమ్మిదిన్నరకి వస్తే వాడికీ ఆకు వేయిస్తాను."

కంచం తీసుకుంది. వేడన్నం పెట్టుకుని, పప్పు వేసుకుని, నెయ్యి కూడా వేసుకుని బల్ల దగ్గర కూర్చుంది. గుమ్మంలోకి వచ్చిన మాణిక్యాంబ బుగ్గలు నొక్కుకుంది.

"అబ్బాయింకా తిననేలేదు, నువ్వు ముందు కూర్చున్నావేంటే?"

"ఈ ఇంట్లో వడ్డించేది నేనే కదత్తయ్యా," అని చంద్రకళ మొదటి ముద్ద కలుపుకుంది.