పోచవ్వ చెప్పిన ఫర్మాయిష్

ఎనభై మూడులో మా అన్న అహ్మద్ దుబాయ్‌లో కడుతున్న బిల్డింగు మీది నుంచి పడి చనిపోయాడు. మట్టి అక్కడే చేశారు. నలభయ్యో రోజు చెహ్లుం అయ్యాక, అతనితో పనిచేసిన మజహర్ సెలవు మీద మా ఊరు ఎల్లారెడ్డి వచ్చి అమ్మీ దగ్గర కూర్చున్నాడు.

"పోయే ముందల అన్న రేడియోకు కార్డు రాసిండు అమ్మీ. నీ పేరు మీద పాట పెట్టుమని ఫర్మాయిష్. ఆళ్లకు కార్డులు కుప్పలు కుప్పలు వస్తయి, నెలలకు గాని చదవరు. ఇంక చదవలే. చదువుతరు."

ఆనాటి నుంచి అమ్మీ ఏడుపు ఆపి, ఇంట్లో రేడియో బాగు చెయ్యమని నా మీద పడింది. అబ్బా బతికున్నప్పుడు కొన్న పెద్ద వాల్వుల రేడియో ఏళ్లుగా నోరు మూసుకుని మూలన కూర్చుంది. పక్కింటి పోచవ్వ తన ట్రాన్సిస్టర్ ఇస్తానంటే అమ్మీ వద్దంది.

"ఆని పేరు ఈ పెట్టెలనే ఇంట. చిన్నప్పటి సంది ఆడు దీని ముందలనే కూసుంటుండె."

నేను బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాణ్ణి. రేడియో సంగతి నాకేం తెలుసు? అయినా వెనక అట్ట విప్పాను. లోపల దుమ్ము, బల్లి గుడ్లు, ఎలుక కొరికిన వైర్లు. కామారెడ్డి తీసుకుపోతే ఒక మెకానిక్ నవ్వి, "పొయ్యిల వెట్టు, మంచిగ మండుతది" అన్నాడు. వాణ్ణే పొయ్యిలో పెట్టాలనిపించింది. స్టేషన్ దగ్గర పాత సామాన్ల అంగడిలో వెతికి వాల్వు సంపాదించాను. ఇంట్లోనే కూర్చుని ఉబ్బిన కండెన్సర్లు మార్చాను, వైర్లు అతికించాను. ఒకరోజు వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి, కాసేపటికి గొంతు వచ్చింది. అమ్మీ పెట్టె మీద చెయ్యి పెట్టి, "వెచ్చగైంది సలీమ్" అంది. నాకు దుఃఖం ఆగలేదు.

ఒక్కటే జాగ్రత్త చెప్పాను. సౌండుకూ స్విచ్చుకూ నాబ్ ఒకటే. "తగ్గియ్యి గని, టక్కుమనేదాక తిప్పకు అమ్మీ. బంద్ అయితది. వాల్వులు మళ్ల కాగేదాక గొంతు రాదు."

రోజూ మధ్యాహ్నం ఫర్మాయిష్ పేర్లు వినేవాళ్లం. ఎవరెవరివో పేర్లు, ఏవేవో ఊళ్లు. ఒకరోజు ఒక పాట అయిపోతుండగా మసీదులో అజాన్ మొదలైంది. అజాన్ వినబడితే రేడియో ఆపడం మా ఇంటి అలవాటు. అమ్మీ తల మీద కొంగు కప్పుకుని, అలవాటైన చేతిని చాపింది. టక్కుమంది. అజాన్ అయ్యేదాకా ఆగాను. తర్వాత నాబ్ తిప్పాను. లైటు వెలిగింది కానీ గొంతు రాలేదు.

పోచవ్వ అజాన్ వేళ ట్రాన్సిస్టర్ ఆపదు. చప్పుడు తగ్గించి చెవికి ఆనించుకుంటుంది. చెప్పులైనా లేకుండా ఉరికొచ్చింది.

"అన్వరక్కా! అచ్చింది! మీ అహ్మద్ పేరు అచ్చింది!"

"ఏమన్నరు?" అమ్మీ లేచి నిలబడింది.

పోచవ్వకు ఉర్దూ అంగట్లో బేరమాడే మటుకే వచ్చు. గొంతు సవరించుకుని రేడియో వాళ్ల లాగే పలికింది. "దుబాయ్ సే అహ్మద్... ఎల్లారెడ్డిమే ఉన్‌కీ అమ్మీజాన్ అన్వరి బేగం..." అంతలో ఆగిపోయింది. "అటెన్క ఇంకేమో అన్నడక్కా. నాకు సమజ్ కాలే."

అప్పటికి వాల్వులు కాగాయి. అన్న అడిగిన పాట సగం నుంచి ఇల్లంతా మోగింది.

అమ్మీ పోచవ్వ చేతులు రెండూ పట్టుకుంది. "మళ్ల చెప్పు."

పోచవ్వ చెప్పింది.

"ఇంకొక్కపారి."

ఏడుస్తూనే మళ్లీ చెప్పింది.

అమ్మీ నా వైపు తిరగకుండానే అంది. "సలీమ్, దాన్ని బంద్ చెయ్. పోచవ్వ చెప్పేది ఇనబడ్తలేదు."