గుండీల లెక్క

దర్జీకి ఆ షాపు వెలుతురు వల్ల నచ్చింది. కాంప్లెక్సు కొత్తది, షాపు మొదటి అంతస్తులో, కిటికీ తూర్పు వైపు. లోపలికి వెళ్లగానే కాలరు మడతలోంచి సూది తీసి, కళ్లజోడు లేకుండా దారం ఎక్కించాడు. మూడేళ్లుగా అది అతని వల్ల కాలేదు.

"ఇదే తీసుకుందాం," అన్నాడు.

"సూది ఎక్కించేది మీరా, అద్దెకొచ్చేవాడా?" అంది భార్య.

కుట్టుపని ఇంకో ఏడాదికి మించి వద్దని కళ్ల డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత ఇల్లు షాపు అద్దె మీద నడవాలి. ఇరవై ఆరేళ్లు కుట్టి దాచింది ఒక్క షాపు కొనడానికి సరిపోతుంది. తప్పు చేస్తే దిద్దుకోవడానికి ఏమీ మిగలదు.

ఆమె తమ్ముడు బ్రోకరు. అదే ధరకు అతని చేతిలో ఇంకొకటి ఉంది. ఆసుపత్రి గేటుకు ఎదురుగా, దీంట్లో సగం వెడల్పు. పగలు కూడా లైటు వేయాలి.

"ఆ గుహ బావకెందుకక్కా? సాయంత్రంలోపు అడ్వాన్సు ఇవ్వకపోతే దీన్ని ఎవరో ఎగరేసుకుపోతారు."

"పోనీరా. సాయంత్రానికి ఇంకా చాలా టైముంది."

ఆమె ఇంటికెళ్లి మిషను సొరుగులోంచి రెండు గుండీల డబ్బాలు తెచ్చింది. పదకొండు నుంచి పన్నెండు దాకా తను ఈ కాంప్లెక్సు షాపులో కూర్చుంటుంది, ఆయన ఆసుపత్రి ఎదుటి దాంట్లో. పక్క షాపులోకి మనిషి వెళ్తే ఒక గుండీ జేబులో వేసుకోవాలి. ఆ గుహకు ఎక్కువ అక్కర్లేదని దర్జీ నలభై గుండీలే పట్టుకెళ్లాడు.

పన్నెండున్నరకు ముగ్గురూ కాంప్లెక్సు మెట్ల దగ్గర కలిశారు.

"నాకు పదకొండు," అంది ఆమె. "అందులో రెండు వీడే. రెండుసార్లు టీకి వెళ్లాడు."

"ఎండగా ఉంది కదక్కా, జనం రారు," అన్నాడు తమ్ముడు.

"అక్కడేమైనా వాన పడిందా?" అని ఆమె భర్త వైపు తిరిగింది. "అదేంటండీ, ప్యాంటు నిండా ఆ గీతలు?"

నల్ల ప్యాంటు మీద తొడ నుంచి మోకాలి దాకా మార్కింగు సుద్ద గీతలు, ఐదేసి చొప్పున.

"గుండీలు పావుగంటలో అయిపోయాయి. జేబులో సుద్ద ఉంది."

ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుని గీతలు లెక్కపెట్టింది. నూట పన్నెండు. గుండీలు కలిపితే నూట యాభై రెండు.

"జెరాక్సు అతనొకడు వచ్చి అద్దెకిస్తారా అని అడిగాడు," అన్నాడు దర్జీ. "లోపల చీకటి బాబూ అన్నాను. నా మిషనుకి వెలుతురెందుకండీ అన్నాడు."

మొదటి అంతస్తు కిటికీ వైపు ఒకసారి చూశాడు.

"ఇంకొకళ్లు లెక్కపెట్టి ఉంటే నమ్మేవాణ్ణి కాదు," అన్నాడు. "పదరా, గుహకే కాగితం రాయి."

"ముందా ప్యాంటు దులుపుకోండి," అంది ఆమె.

"అడ్వాన్సు ఇచ్చాక దులుపుతాను."

దారిలో కరెంటు సామాన్ల కొట్టు దగ్గర ఆగి, ట్యూబులైటు ధర అడిగాడు.